పాయింటు మోటరు

"దాన్ని ముట్టమని నీకెవలు చెప్పిన్రు భాయ్?"

బాలకిషన్ చేతిలోని స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ వేణుగోపాల్ కళ్లు నిప్పుల్లా ఉన్నాయి.

ఫలక్‌నుమా స్టేషను రోడ్డులో టేపు రికార్డర్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం బాలకిషన్‌ది. వేణుగోపాల్ భార్య యశోద పొద్దున్నే అక్కడికొచ్చి అడిగింది. ఇంట్లో ఒక బొమ్మ రైలు ఉంది, దాని మోటరు ఆగిపోయింది. రేపు దాన్ని ఆటోలో నయాపూల్ దాకా తీసుకుపోయి సార్ల ముందు నడిపించాలి. తన భర్త చెప్పినట్టే అది చేసి చూపిస్తే నౌకరి ఉంటుంది, లేకపోతే పోతుంది. అంతకు మించి చెప్పలేదు. నలుగురు కూర్చున్న దుకాణంలో బాలకిషనూ అడగలేదు. పెద్ద కంపెనీల్లో ఇట్లాంటి పరీక్షలు కూడా పెడతారు కాబోలు అనుకుని, షట్టరు దించి ఆమె వెంట జహనుమాలోని వాళ్లింటికి నడిచాడు.

పాత తలుపు చెక్క మీద సైకిలు పుల్లలతో పట్టాలు వేసి ఉన్నాయి. జుమ్మెరాత్ బజారులో కొన్న బ్యాటరీ ఇంజను, దాని వెనక రెండు రేకు పెట్టెలు. మధ్యలో ఒకచోట పట్టాలు రెండుగా చీలుతాయి. దాన్ని పాయింటు అంటారట. స్విచ్చు నొక్కితే మోటరు తిరిగి, ఒక సన్నని కడ్డీని లాగి, పట్టాలను పక్క లైనుకు జరపాలి. బోర్డు మీద ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు వెలగాలి.

"మోటరు తిరగాలె. లైటు మారాలె. గంతే నీ పని. కడమది నేను చూసుకుంట" అన్నాడు వేణుగోపాల్. కూర్చోమని కూడా అనలేదు.

మోటరులో బ్రష్షులు అరిగిపోయాయి. బాలకిషన్ తన సంచిలోంచి వేరేవి తీసి వేశాడు. స్విచ్చు నొక్కగానే మోటరు గుయ్యిమంది. పచ్చ లైటు వెలిగింది. పట్టాలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. వంగి చూస్తే కడ్డీ మర వదులుగా ఉంది. మరను బిగించబోతుంటే వచ్చిపడింది ఆ మాట.

పట్టాలు కదలకపోతే మోటరు తిరిగి ఏం లాభమని బాలకిషన్ మెల్లగానే అడిగాడు. వేణుగోపాల్ పళ్లు కొరికాడు. యార్డు కేబిన్‌లో ఇట్లాంటి స్విచ్చులు నొక్కీ నొక్కీ తన జుట్టు నెరిసిందన్నాడు. రైలు సంగతి తనకు ఎవరూ నేర్పనక్కర లేదన్నాడు. టేపు రికార్డర్లు చేసుకునేవాడు టేపు రికార్డర్లే చేసుకోవాలన్నాడు. యశోద చాయ్ గ్లాసులతో ఇద్దరి మధ్యకూ రాకపోతే ఇంకెన్ని అనేవాడో.

బాలకిషన్ చాయ్ ముట్టలేదు. చెవులు మండిపోతున్నాయి. లేచి పోదామనుకున్నాడు. కానీ సగం పని చేసి వదిలేయడం అతనికి చేతకాదు.

వేణుగోపాల్ ఒకసారి స్విచ్చు నొక్కాడు. పచ్చ లైటు వెలిగింది. పొద్దుటినుంచి ముడిపడి ఉన్న అతని నొసలు విప్పారింది. కొత్త బ్యాటరీలు తెస్తానని చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

లైటు చూసి మురిసిపోతాడేం ఈ మనిషి? పట్టాలు చూడడా? బాలకిషన్‌కు ఒళ్లు మండింది. రేపు సార్ల ముందు బండి పల్టీ కొడితే ఎవరి మీద వస్తుంది మాట? మోటరు బాగుచేసినవాడి మీదనే కదా. అతను మర గట్టిగా బిగించాడు. కోపం చల్లారక దాని మీద టంకం కూడా పోశాడు. పట్టాల సందులో ఇరుక్కున్న కంకర రాయిని తీసి కిటికీలోంచి విసిరేశాడు.

వేణుగోపాల్ తిరిగి వచ్చేసరికి ఇంజను సిద్ధంగా ఉంది.

"చూడు అన్నా" అని బాలకిషన్ స్విచ్చు నొక్కాడు.

మోటరు తిరిగింది. పచ్చ లైటు వెలిగింది. పట్టాలు టక్కున జరిగాయి. బండి చిన్న కుదుపైనా లేకుండా పక్క లైనులోకి మళ్లింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

వేణుగోపాల్ చేతిలోని బ్యాటరీలు నేల మీద దొర్లాయి. అతను పట్టకారు అందుకుని కడ్డీ మీద పడ్డాడు. లాగాడు. వంచాడు. టంకం వదలలేదు. పట్టకారును గోడకేసి కొట్టాడు.

"ఆగం చేసినవ్ కదరా. నా బతుకు ఆగం చేసినవ్."

'రా' అనేసరికి బాలకిషన్‌కు ఇక ఓపిక లేకపోయింది.

"ఏందన్నా లొల్లి? బండి మంచిగ నడిచినా నీకు మంటేనా? సార్లు గాదు, సార్ల బాపులొచ్చి చూసినా దాంట్ల తప్పు దొరకదు, పో" అన్నాడు. సంచి సర్దుకున్నాడు.

వేణుగోపాల్ తలుపు చెక్క పక్కన కూలబడి, నీటుగా పోయి ఆగిన బండినే చూస్తూ ఉండిపోయాడు.

బాలకిషన్ గడప దాటుతుండగా యశోద అడ్డం వచ్చింది.

"మోటరు తిరిగింది, పచ్చ లైటు వెలిగింది, పట్టాలే కదలలేదని యార్డుల బండి పడ్డనాటి సంది ఈయన మొత్తుకుంటుంటే ఎవలూ నమ్మలే అన్నా, రేపు సార్ల ముంగట ఈ బండి గూడ గట్లనే పడితేనే తప్పు ఈయనది కాదని తేలుతది."