సూర్యుడి రాయి

భూమి పాఠం కోసం అంగన్‌వాడీ పిల్లలు తలా ఒక రాయి తెచ్చారు. షారోను తన తెల్లరాయిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

“టీచర్, ఇది సూర్యుడి దగ్గర్నుంచి పడింది.”

కృపావతి టీచరు నవ్వింది. “సూర్యుడు ఎండ పంపిస్తాడుగానీ రాళ్లు పంపడమ్మా. ఇది మన జగ్గయ్యపేట నేలలో దొరికే సున్నపురాయి.”

“మరి పైనుంచే పడిందిగా! మా ఇంటి రేకుకి బొక్క పడింది. ఇప్పుడు అందులోంచే ఎండ వస్తోంది.”

కృపావతి నవ్వు ఆగిపోయింది. “ఎక్కడ పడింది తల్లీ?”

“తమ్ముడి ఉయ్యాల్లో. అప్పుడే అమ్మ వాణ్ణి పాలివ్వడానికి ఎత్తుకుంది.”

ఊరవతల క్వారీలో పేలుళ్ల సైరన్ మోగింది. పిల్లలంతా అలవాటుగా చెవులు మూసుకున్నారు.

కృపావతి తలెత్తి, వాళ్ల తలల మీదున్న పైకప్పు రేకుల వైపు చూసింది.