హాల్లో పులి

పులిని దొంగిలించడానికి కోడలు శుక్రవారం పదకొండు గంటలకు ముహూర్తం పెట్టుకుంది.

అడవిలో పులి అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఇది హాల్లో సోఫా వెనక గోడ మీద వేలాడే ఊలు పులి. ఆరడుగుల వెడల్పు, బంగారు రంగు ఫ్రేము, నారింజ రంగు ఒళ్లు, ఊదారంగు కళ్లు. కుట్టినవాళ్లు జన్మలో పులిని చూసినట్టు లేదు. పన్నునొప్పితో నిద్రపట్టని పిల్లిలా, ఎవరు ఏ మూల కూర్చున్నా వాళ్లనే చూస్తూ ఉంటుంది.

కోడలు ఫర్నిచర్ షాపులో పని చేస్తుంది. కొనేవాళ్ల కోసం షాపులో గదులు సర్ది చూపించడం ఆమె ఉద్యోగం. ఏ సోఫా మీద ఏ బొమ్మ ఎంత ఎత్తులో ఉండాలో కళ్లు మూసుకుని చెప్పగలదు. కొత్త బ్రాంచిలో ఆ పనికి పెద్దను వెతుకుతూ యజమాని ఓ మెలిక పెట్టాడు. ఎవరికి కావాలంటే వాళ్ల ఇంటికొచ్చి, వాళ్ల హాలు చూసి తేలుస్తాడట. ఈమె ఇంటికి శనివారం పొద్దున్నే వస్తున్నాడు. అలాంటి ఉద్యోగం కోసం ఆమె ఆరేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

హాలు దాదాపు సిద్ధం. బూడిదరంగు కర్టెన్లు, కుషన్లకు కొత్త గలీబులు, మూలన పొడవాటి దీపం. మూడు చిన్న చిత్రాలు కూడా కొంది. వాటి కొలతకు పాత పేపర్లు కత్తిరించి, ఎవరూ చూడకుండా పులి మీదే గుచ్చి ఎత్తు సరిచూసుకుంది. మూడు కాగితాల సందుల్లోంచి కూడా పులి ఆమెనే చూసింది.

తీసేస్తానని అడిగే వీలు లేదు. నాలుగేళ్ల కిందట కాపురానికొచ్చిన రోజే అత్తగారు చెప్పేశారు.

"అది బామ్మగారు స్వయంగా కుట్టిందమ్మా. ఆవిడ ప్రాణం దాన్లోనే ఉంది. కదిపామంటే బతకరు."

బామ్మగారంటే అత్తగారి అత్తగారు. ఎనభై నాలుగేళ్లు. రోజంతా ఎదురు కుర్చీలో కూర్చుని పులికేసి చూస్తుంటారు. అత్తగారు వారానికోసారి స్టూలెక్కి దాని దుమ్ము దులుపుతారు. భర్తను సాయమడిగి లాభం లేదు. మనింట్లో పులి ఉందా అంటే, హాల్లోకి వెళ్లి చూసొచ్చి చెప్పే రకం.

అందుకే దొంగతనం. శుక్రవారం అత్తగారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్తారు. బామ్మగారు వెనక గదిలో కునుకు తీస్తారు. కోడలు షాపులో తలనొప్పని చెప్పి ఇంటికొస్తుంది, పులిని దించి మేడ మీద దాస్తుంది, తలుపు గడియ విరగ్గొట్టి దొంగలంటుంది. అంతే.

సరిగ్గా పదకొండింటికి గుమ్మం ముందుకొచ్చేసరికి గడియ విరిగి ఉంది.

లోపలికి పరిగెత్తింది. టీవీ ఉంది, బీరువా తాళం వేసింది వేసినట్టే ఉంది. గోడ మీద పులి లేదు. స్క్రూలు పీకిన చోట సబ్బు కూరి నున్నగా చేసి కూడా ఉంది. ఎవరో గానీ బుద్ధిమంతుడైన దొంగ.

కోడలు సోఫాలో కూలబడింది. తర్వాత లేచి, చెప్పులు కూడా విప్పకుండా హాల్లో రెండుసార్లు గిర్రున తిరిగింది. జిగురు పట్టీలతో మూడు చిత్రాలూ టకటకా అంటించేసింది. వెనక్కి జరిగి చూసుకుంది. హాలు ఊపిరి పీల్చుకున్నట్టుంది. యజమాని చచ్చినట్టు ఉద్యోగం ఇవ్వాల్సిందే అనుకుంది.

అంతలో అత్తగారు వచ్చారు. డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి గంట ముందే వచ్చేశారు. గోడ చూశారు, కోడల్ని చూశారు.

"నువ్వేనా?"

"ఒట్టు అత్తయ్యా, నేను కాదు." నోరు అక్కడితో ఆగలేదు, మిగతా నిజం కూడా వచ్చేసింది. "నేనే చేద్దామనుకున్నాను. వచ్చేసరికే లేదు."

అత్తగారు సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టారు.

"కళ్లకేం రోగం లేదమ్మా. పదకొండున్నరకు వచ్చి దాన్ని దించేద్దామని ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాను, మనసాగలేదు. నలభై ఏళ్ల నుంచి గట్టిగా దులుపుతున్నాను, ఊడి పడుతుందేమోనని. పడదే."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వు మధ్యలో కోడలికే ముందు భయమేసింది.

"మరి తీసిందెవరు అత్తయ్యా?"

"తీసిందెవరైతేనేం, ఆవిడకు చెప్పేదెవరు?"

ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. ఉద్యోగం సంగతి కోడలు మర్చేపోయింది. ఊలు పులి కోసం నిండు ప్రాణం పోతే ఆ హాల్లో ఎలా కూర్చోవడం? ఆమె మంచినీళ్లు పట్టుకుంది, అత్తగారు గుండె మాత్ర పట్టుకున్నారు. వెనక గదిలోకి వెళ్లేసరికి బామ్మగారు మంచం మీద లేచి కూర్చునే ఉన్నారు.

"అత్తయ్యా, మనసు గట్టి చేసుకోండి," అన్నారు అత్తగారు. "మన పులి..."

"పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు," అన్నారు బామ్మగారు. "ఊరికే ఇస్తానన్నా వద్దన్నాడు, బతిమాలి ఎక్కించాను. దొంగలొచ్చారని మీరు నమ్మాలని గడియ కూడా వాడి చేతే విరగ్గొట్టించాను."

పట్టుకొచ్చిన మంచినీళ్లు కోడలే గటగటా తాగేసింది. "అదేంటి బామ్మగారూ, మీ చేత్తో కుట్టింది..."

"నేనెక్కడ కుట్టానే? ఆ దరిద్రం మా అత్తగారి పనితనం. కాపురానికొచ్చిన రోజు నుంచీ ఎలా వదిలించుకోవాలా అని నేను చూస్తుంటే, ఒకరి తర్వాత ఒకరు కోడళ్లొచ్చి దానికి కాపలా కాశారు."