నూట నలభై మూడు సంతకాలు

“ఆపేస్తారా? పదకొండేళ్లుగా నడుస్తున్న ప్రోగ్రామండీ!” సుధామయి చేతిలో గరిట గాల్లోనే ఆగిపోయింది.

భీమారావు స్టేషన్ నుంచి వచ్చిన ఉత్తరం బల్లమీద పెట్టి దాని ముందు కూలబడ్డాడు. కెనడాలో తాముండే విన్నిపెగ్‌లోని ఆ చిన్న క్రైస్తవ రేడియో స్టేషన్‌ని కాల్గరీ వాళ్లెవరో కొన్నారని అతనికి తెలుసు. జనవరిలో కొత్త టవర్ పెట్టామని స్టూడియోలో కేకు కోస్తే రెండు ముక్కలు తిన్నాడు కూడా. కేకు కోసిన చేతులే తన పీక కోస్తాయని మాత్రం అనుకోలేదు. ప్రతి ప్రోగ్రాంకీ వినేవాళ్లున్నారని వచ్చే శుక్రవారంలోగా రుజువు చూపించాలట. లేకపోతే సెలవు.

వారమంతా గోదాంలో పెట్టెలు మోసే మనిషి భీమారావు. అక్కడ అతని పేరు కూడా ఎవరూ సరిగ్గా పలకరు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మైకు ముందు తెలుగులో బైబిలు వాక్యం చెప్పే ఆ అరగంట మాత్రం అతను పాస్టర్ గారు. అదీ పోతే ఇక మిగిలేది పెట్టెలే.

“రుజువుకేం భాగ్యం? ఊళ్లో మనవాళ్లంతా వినేవాళ్లేగా,” అంది సుధామయి. “మొదటి సంతకం నాది. మొగుడని చెప్పడం కాదు, ఒక్క వారం తప్పలేదు. మీరు అటు వెళ్లగానే ఇటు వంటింట్లో రేడియో పెట్టేస్తాను. మీ గొంతు గంట కొట్టినట్టు వస్తుంది.”

భీమారావు కళ్లు చెమర్చాయి. తన గొంతు రేడియోలో ఎలా ఉంటుందో అతనెప్పుడూ వినలేదు. ఆ వేళకి స్టూడియోలో ఉంటాడు. కార్లోనేమో ఫోన్‌లో పాటలు పెట్టుకుంటాడు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కాగితం చేతులు మారింది.

“పోయిన వారం వాక్యం... అబ్బ, ఏడ్చేశాను బ్రదర్!” అన్నారు జనార్ధనరావు గారు సంతకం గీకుతూ.

“మా పిల్లలు టిఫిన్ మానేసి మరీ వింటారు అన్నయ్యగారూ,” అంది విద్య.

“నేనైతే రోజూ వింటాను అంకుల్,” అంది కాలేజీలో చదివే అమృత. ప్రోగ్రాం వారానికొక్కసారేనని ఆ సంతోషంలో భీమారావుకి తట్టనేలేదు.

మాట సాయానికి మనవాళ్లు ఎప్పుడూ వెనకాడరు. నూట నలభై మూడు సంతకాలు!

శుక్రవారం భార్యాభర్తలిద్దరూ స్టేషన్‌కి వెళ్లారు. కొత్త మేనేజర్ మిసెస్ ఫ్రీసెన్ కాల్గరీ నుంచి వచ్చి పది రోజులే అయింది. నెరిసిన జుట్టు, మెత్తని మనిషి. సంతకాల పక్కన సుధామయి ఇంగ్లీషులో రాసిపెట్టిన వాళ్ల మాటలన్నీ ఓపిగ్గా చదివింది. చదివేకొద్దీ ఆవిడ మొహం పాలిపోయింది.

“ఇంతమందా?”

“ఇంకా ఉన్నారు మేడమ్. టైమ్ చాల్లేదు.”

“మన ప్రోగ్రాంలు ఇంటర్నెట్‌లో రావు కదా. మరి వీళ్లంతా...”

“రేడియోలోనే! ఇళ్లల్లో, కార్లలో,” అన్నాడు భీమారావు.

“అందరూ ఈ ఊరివాళ్లేనా?”

“అందరూ.”

ఆవిడ సుధామయి వైపు తిరిగింది. “పోయిన ఆదివారం మీరు కూడా విన్నారా?”

“వంటింట్లో నిలబడి మొత్తం విన్నాను. ఒక్క గరగర లేదు,” అంది సుధామయి, భర్త చెయ్యి పట్టుకుని.

మిసెస్ ఫ్రీసెన్ గోడ మీది మ్యాపు వైపు చూసింది. కళ్లజోడు తీసి తుడిచింది. మళ్లీ పెట్టుకోలేదు. భీమారావు సంతకాల కాగితాల వైపు చూశాడు. ఇంత రుజువు చూపించినా చాల్లేదా?

“కొత్త టవర్ ఎక్కడ పెట్టారో మీకెవరూ చెప్పలేదా మిస్టర్ రావు?” అంది ఆవిడ మెల్లగా.

సుధామయి చెయ్యి అతని చేతిలోంచి జారిపోయింది.

“జనవరి నుంచి మన సిగ్నల్ విన్నిపెగ్‌కి అందడం లేదు.”