వణికిన సిపాయి

ఆసుపత్రి మంచం మళ్ళీ గడగడలాడింది.

సిపాయి బ్లాజియస్‌కు చలిజ్వరం. ఆ వణుకు అలాంటిలాంటిది కాదు, వియన్నాలో సగం కిటికీలు గలగలలాడి ఉంటాయి.

పక్క మంచం మీద వెంజెల్ కెవ్వుమన్నాడు. "ఫిరంగులు! నా కోట కూలుస్తున్నారు!"

బూట్లు కుట్టే వెంజెల్‌కు మతిపోయి ఏడాదయింది. తానే చక్రవర్తినంటాడు, చెంచా మాత్రం పట్టుకోలేడు. ఈ పిచ్చి పట్టినవాళ్ళు రెండు మూడేళ్ళకు మించి బతకరు. కొత్త వైద్యమేదో ఉందని డాక్టరుగారు పైవాళ్ళ అనుమతికి గ్రాజ్ నగరం వెళ్ళారు. శుక్రవారం మొదలుపెడతానన్నారు. వెంజెల్ భార్య ఫిలొమీనా ఆ మాట పట్టుకునే బతుకుతోంది.

ఆమె నర్సు మీద విరుచుకుపడింది.

"ఏం సిస్టర్, యుద్ధం నుంచి వచ్చినవాడికి చిటికెడు క్వినైన్ ఇవ్వలేరా?"

"డాక్టరుగారు వద్దన్నారమ్మా."

"ఎందుకట?"

"అడిగితే చెప్పే మనిషా ఆయన?"

"కసాయి! మనిషి వణుకుతుంటే వేడుక చూస్తాడా?"

"పోనీలెండక్కా," పళ్ళు టకటకలాడిస్తూ అన్నాడు బ్లాజియస్. "రోజు విడిచి రోజే కదా."

"నువ్వు నోరు ముయ్యి! ముయ్యలేవు, అదీ తెలుస్తూనే ఉంది."

ఫిలొమీనా మందులకొట్టులో పనిచేసే తన తమ్ముడి మీద కేకలేసి క్వినైన్ తెచ్చింది. నర్సు అటు తిరిగినప్పుడల్లా సూపులో కలిపి, తిడుతూ తాగించింది. మూడు రోజులకు వణుకు ఆగింది.

"మా అమ్మ కూడా ఇంత తిట్టలేదక్కా," అని చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు బ్లాజియస్. జ్వరం లేనివాడికి మంచమెందుకని, సైన్యంవాళ్ళు అతన్ని మళ్ళీ యుద్ధానికి తోలుకుపోయారు.

శుక్రవారం డాక్టరుగారు సిరంజితో వచ్చారు.

"సిపాయి ఏడీ?"

"నయమై వెళ్ళిపోయాడు! నేనే క్వినైన్ తాగించాను. మీ చదువు తగలెయ్య, మీకు చేతకాలేదుగా!"

ఆయన ఖాళీ మంచం మీద కూలబడ్డారు.

"గట్టి జ్వరం తగిలి ఈ పిచ్చి వదిలినవాళ్ళను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా. మనం తెప్పించి, మళ్ళీ క్వినైన్‌తో ఆపగలిగే జ్వరం ఆ సిపాయికున్న చలిజ్వరమొక్కటే."

"ఒక్క ముక్క చెప్పి చావలేదేం?" ఫిలొమీనా ఆయన కోటు పట్టుకుని ఊపేసింది.

"చెబితే మీ ఆయనకు జ్వరం ఎక్కించనిచ్చేవారా?"

ఆమె కోటు వదిలేసింది.

వెంజెల్‌ను బతికించే మందు గ్రాజ్ నుంచి రావలసింది కాదు. ఆమె చేతి సూపు తాగి లేచి వెళ్ళిన ఆ సిపాయి నెత్తుట్లోనే మొన్నటి దాకా ఉంది.