తుడవని డిస్కు తల

ఇటు రండి, దగ్గరికి జరగండి. ఆ వెనకాల గుసగుసలు కాస్త కట్టిపెట్టండి.

ఒక అక్క ఉండేది. ఆవిడ మీట నొక్కిందంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్ పుట్టాల్సిందే, అలాంటివి అద్దెకివ్వడమే ఆవిడ వ్యాపారం. ఆవిడ భాగస్తుడు కస్టమర్లందరినీ లాక్కుని వెళ్ళిపోయాడు. దాంతో తమ్ముడి చేత మంచి ఉద్యోగం మాన్పించి, ఆ భాగస్తుడి కుర్చీలో కూర్చోబెట్టింది.

"వాడి డిస్కు ఉన్న చోటే నీకోసం కొత్త డిస్కు చేశాన్రా. తెరువు" అంది.

తెరిస్తే లోపల ఆ భాగస్తుడి ఫొటో పళ్ళికిలిస్తోంది.

"వాడిది మొత్తం తుడిచేశానన్నావుగా అక్కా?"

"డిస్కు తల, అదే, ఎవరిదో రాసి ఉండే మొదటి ముక్క, తుడవలేదురా. పాత గుర్తు అక్కడే ఉండిపోయింది. అది చూసి మిషను ఇంకా వాడి డిస్కే అనుకుంటోంది."

"మర్చిపోయావా?"

అక్క కీబోర్డు మీద లేని దుమ్ము ఊదింది.

"లేదు. మళ్ళీ వస్తాడేమోనని ఉంచాను."

"అంటే నన్ను పిలిచింది పనికి కాదన్నమాట. వాడొచ్చేదాకా వాడి కుర్చీ చల్లారకుండా చూడ్డానికి."

తమ్ముడు సంచి భుజాన వేసుకున్నాడు.

నిచ్చెన మీద ఏసీ బాగుచేస్తున్న ఆయన ఇదంతా విని జాలిపడ్డాడు. "నిజమేనమ్మా, తల తుడవకపోతే జలుబు చేసేస్తుంది. దానికి కాస్త ఆవిరి పట్టించండి."