మా వీధి నీళ్లు

"ఇది నా చొక్కా కాదేమోనమ్మా" అన్నాడు పెద్దమనిషి, మడత విప్పి చూస్తూ.

లాండ్రీ అక్క కాలర్ తిప్పి గుర్తు చూపించింది. "మీదేనండీ."

"ఇచ్చినప్పుడు తెల్లగా ఉంది."

"ఇప్పుడు మాత్రం నల్లగా ఉందా?"

నల్లగా లేదు. టీ నీళ్లలో ముంచి తీసినట్టుంది.

ఆ సంగతి ఆయనకన్నా ముందు ఆమెకే తెలుసు. ఊరి బయట భూమి లోతున రాతిపొరను పగలగొట్టి షేల్ గ్యాస్ తియ్యడం మొదలయ్యాక అక్క దశ తిరిగింది. గ్యాసు బావుల దగ్గర పనిచేసేవాళ్ల జిడ్డుబట్టలు మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి. ఇస్త్రీబల్ల ఒక్కటే ఉన్న కొట్లో వాషింగ్ మెషిన్లు బారులు తీరాయి. వీధిలో అద్దెలు పెరిగాయి. టీకొట్టు హోటలయింది.

అంతా బాగానే ఉంది, బోరు నీళ్లు తప్ప.

సబ్బు నురగ రావడం మానేసింది. కుళాయి తిప్పితే కిరసనాయిలు వాసన. ఇళ్లల్లో పొద్దున లేస్తే అదే సణుగుడు. గుమ్మం దాటితే మాత్రం ఎవరూ నోరెత్తరు. నీళ్లు చెడ్డాయని పొక్కితే అద్దెకెవరొస్తారు? టీ ఎవరు తాగుతారు? బట్టలెవరేస్తారు?

"చెమట మరకలండీ. మీ ఒంటి తత్వం అలాంటిది" అంది అక్క.

పెద్దమనిషి నవ్వాడు. "నీళ్లలో ఏమన్నా తేడా ఉందేమో."

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. బస్టాండు దగ్గర ఎవరో కొత్త లాండ్రీ పెట్టారు. వాళ్లు పంపిన మనిషి కాదు కదా?

"మా నీళ్లకేం? ముత్యాల్లాంటి నీళ్లు" అంది.

ఆయన డబ్బులిచ్చి వెళ్లాడు. మర్నాడు ఇంకో చొక్కా తెచ్చాడు. అదీ పచ్చబడింది. ఆ తర్వాత మరొకటి.

"ఈయనకి ఊళ్లో వేరే లాండ్రీయే దొరకలేదా?" అన్నాడు భర్త, తొట్టిలోంచి బట్టలు పిండుతూ. దురదకి గోకి గోకి అతని చేతులు మోచేతుల దాకా ఎర్రగా కమిలిపోయాయి.

"కూపీ లాగడానికొస్తున్నాడు. మీరు నోరు మూసుకుని ఉండండి."

అక్క ఊరికే కూర్చోలేదు. టీ హోటలు బాబాయికీ, ఎదురు మేడావిడకీ కబురు పెట్టింది. తెల్లచొక్కా ఆయనొచ్చి నీళ్ల సంగతి అడిగితే జాగ్రత్త.

బాబాయి ఆయన్ని కూర్చోబెట్టి ఉచితంగా టీ పోసి మరీ నీళ్లను పొగిడాడు. మేడావిడ తన జుట్టు అంత ఒత్తుగా ఉండడానికి ఈ నీళ్లే కారణమంది. అది సవరమని వీధిలో అందరికీ తెలుసు.

వారం చివర ఆయన పచ్చబడ్డ చొక్కాలన్నీ బల్ల మీద పరిచాడు.

"పోట్లాటకి రాలేదమ్మా. నాకు కొత్త చొక్కాలూ అక్కర్లేదు. నీళ్ల మీద అనుమానంగా ఉందని ఒక్క మాటనండి, చాలు."

"మరకలు మీ చొక్కాలకైతే మాట నేననాలా?"

"చొక్కా చెప్తే చాలదు తల్లీ. మనిషి చెప్పాలి."

అక్కకు ఒళ్లు మండింది. భర్తను కేకేసింది. కుళాయి కింద గ్లాసు నింపి చేతికిచ్చింది.

"తాగండి."

"ఇప్పుడా?"

"రోజూ తాగట్లేదా ఏంటి?" అంటూ కళ్లెర్రజేసింది.

భర్త గ్లాసు వంక చూశాడు. పెళ్లాం వంక చూశాడు. గ్లాసే నయమనిపించింది. కళ్లు మూసుకుని గటగటా తాగేశాడు.

"ఎలా ఉన్నాయండీ?" పెద్దమనిషి దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

భర్తకు కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. "చల్లగా ఉన్నాయి" అన్నాడు.

అబద్ధం ఆడకుండా అంతకన్నా ఏం చెప్పగలడు.

పెద్దమనిషి ఆ కమిలిన చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు. "అంతేనా?"

"అంతే" అంది అక్క.

ఆయన చొక్కాలు సంచిలో సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు, ఆమె ఇంకేమైనా అంటుందేమోనని. అక్క ఇస్త్రీపెట్టె అందుకుంది.

"చూశారా, ఎలా తోక ముడిచాడో" అంది ఆయన వెళ్లాక. భర్త వినే స్థితిలో లేడు. పెరట్లో, కొని దాచిన నీళ్ల డబ్బా ఎత్తి నోట్లో పోసుకుంటున్నాడు.

పెద్దమనిషి మళ్లీ రాలేదు. వీధి వీధంతా అక్కను మెచ్చుకుంది.

కొన్నాళ్లకు పక్కవీధిలో రోడ్డు తవ్వడం మొదలుపెట్టారు. ఎక్కణ్ణుంచో మంచినీళ్ల పైపులట. ఖర్చంతా గ్యాసు కంపెనీదట. అక్క పరుగున వెళ్లి మేస్త్రీని పట్టుకుంది.

"మా వీధికి ఎప్పుడేస్తారు బాబూ?"

"మీదే వీధి?"

చెప్పింది.

"మీకెందుకమ్మా? మీ నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయటగా. మీ వీధిలో ఎవరో ఒకావిడ మొగుడి చేత గ్లాసెడు తాగించి మరీ చూపించిందట. ఆఫీసులో ఒకటే నవ్వుకున్నాం."

అక్క కొంగు సర్దుకుంది. "తెలివితక్కువది" అంది.

వెళ్లిపోబోయి, ఉండబట్టలేక ఆగింది. "ఆ చొక్కాలాయన ఎవరు బాబూ?"

మేస్త్రీ ఆమెను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. నవ్వు ఆపుకున్నాడు.

"కంపెనీ పరీక్షల్లో నీళ్లన్నీ శుభ్రమనే వచ్చాయి. ఆయన నమ్మలేదు, మనుషుల్నే అడుగుతానన్నారు. ఆయన నీళ్ల కేసు చూస్తున్న జడ్జిగారమ్మా, నీళ్లు బాగోలేవని ఒక్కరు నోరు విప్పినా చాలు, వీధి మొత్తానికి కంపెనీ చేత పైపు వేయించేద్దామని, ఎవరికీ చెప్పకుండా తన చొక్కాలు పట్టుకుని వారమంతా మీ వీధి చుట్టూ తిరిగారు."