దాలమ్మ వాటా

ఇప్పుడు ఎవరు సినిమా కథ రాస్తున్నా, అలాంటిది ఎక్కడైనా ఉందేమో యంత్రం పోల్చి చూస్తుంది. ఉంటే ఆ సంగతి రాసేవాళ్లకు మెత్తగా చెప్పి, రాయడం మాన్పించడం హైమవతి ఉద్యోగం.

ఆ ఉదయం ఆమె పలాసలో జీడిపిక్కలు ఒలిచే తవిటమ్మకు ఫోన్ చేసింది.

“మీ స్క్రీన్‌ప్లే లాంటి సినిమా ఒకటి ఇప్పటికే తయారవుతోందండీ. జీడి రసానికి వేలిముద్రలు చెరిగిపోయిన కూలీ, ఆమెను గుర్తుపట్టక బియ్యం ఇవ్వని రేషన్ మిషను, అన్నీ అందులో ఉన్నాయి. మీరు ఆపేస్తే మంచిది.”

తవిటమ్మ ఆ స్క్రీన్‌ప్లేను పని నుంచి వచ్చాక రోజూ కాస్త కాస్తగా మూడేళ్లు రాసింది.

“అందులో ఆకరికి ఏటవుద్దమ్మా?”

“కలెక్టరు గారు వచ్చి ఆమెకు న్యాయం చేస్తారు.”

“నాకాడికి ఎవులూ రానేదు. పక్కింటి దాలమ్మ ఆళ్ల బియ్యంలో సగం నాకు పోసీది. ఆరు నెల్లు పోసింది. ఆళ్ల పిల్లలకే సాలీవి కావు. ఆ మనిసి ఇప్పుడు నేదమ్మా. నాను రాయకపోతే అది సేసింది ఎవులికి తెలుస్తాది?”

హైమవతి రెండు కథలూ మళ్లీ తెర మీద తెరిచింది. ఆ తయారవుతున్న సినిమాలో పక్కిల్లే లేదు.

ఏడేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఆమె ‘కొనసాగించవచ్చు’ అన్నచోట నొక్కింది. కారణం రాయమన్న గడిలో దాలమ్మ పేరు రాసింది.

“రాయండి తవిటమ్మ గారూ,” అంది. “పూర్తయ్యాక మొదట నాకే చదివి వినిపించాలి.”